కల్లంలో దగ్గు

మా అక్కకు ఫ్లూ టీకా వేయించడానికి పోయిన చలికాలం వాళ్ల ఊరు వెళ్లాను. వేయించే తిరిగొచ్చాను. అయినా ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వేరే కబుర్లలోకి దిగిపోతాను. పని జరిగిన మాట నిజమే. జరిగిన తీరు గుర్తొస్తే మాత్రం తల కొట్టేసినట్టుంటుంది.

అక్కా బావా ఉండేది పొదిలి పోయే రోడ్డులో ఒక పల్లె. ఒకప్పుడు పొగాకు వేసేవాళ్లు. ఇప్పుడు సగం పత్తి, సగం మిరప. మాఘం వచ్చేసరికి ఇంటి ముందు కల్లంలో టార్పాలిన్ పట్టాలు పరిచి కాయలు ఆరబోస్తారు. పొద్దున మంచు ఆరాక పట్టాలు తీయడం, సాయంత్రం మళ్లీ కప్పడం, మధ్యలో కూలీ ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరడం. తాలంటే రంగు వెలిసిపోయిన కాయ. అది కలిస్తే గుంటూరు యార్డులో ధర పలకదు. ఆడవాళ్లందరూ ముక్కుకీ నోటికీ పాత చీర ముక్కలు కట్టుకుంటారు. అయినా ఆ కల్లంలో దగ్గు ఆగదు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. ఎవరూ తలెత్తి చూడరు. ఘాటు అంటారు, అంతటితో సరి.

అంతకు ముందు ఏడాది ఆ ఘాటే మా అక్క ప్రాణం మీదికి తెచ్చింది. తెచ్చింది ఘాటు కాదు, ఘాటనుకోవడం. అక్క దగ్గుతుంటే ఘాటన్నారు. ఆయాసపడుతుంటే వయసన్నారు. డెబ్బై దాటిన మనిషి, పైగా షుగరు. పెదవులు నల్లబడ్డాక గానీ బావ కారు మాట్లాడలేదు. గుంటూరు తీసుకొచ్చేసరికి ఫ్లూ ముదిరి రెండు ఊపిరితిత్తులకూ నెమ్ము చేసిందని డాక్టరు చెప్పారు. ఆక్సిజన్ గొట్టాలతో పడుకున్న అక్కను అద్దంలోంచి చూసి, వరండాలో అందరూ వింటుండగా బావమీద కేకలేశాను.

"దగ్గుకీ ఘాటుకీ తేడా తెలియదా బావా? ఇన్నాళ్లు కాపురం చేశావు!"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి ఆ రోజు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

అక్కను ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మళ్లీ మళ్లీ చెప్పారు. వచ్చే చలికాలంలోగా ఫ్లూ టీకా తప్పకుండా వేయించాలి, ఈ ఊపిరితిత్తులు ఇంకో నెమ్మును తట్టుకోవడం కష్టం అని. అక్క బుద్ధిగా తలూపింది. ఇంటికి చేరాక ససేమిరా అంది. వర్షాకాలం పోయింది, కార్తీకం పోయింది, కాయ కోతకొచ్చింది. మంగళగిరిలో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, అమ్మ నా మాట వినదు, నాన్న మాట వినదు. నీ మాటంటే కొంచెం గురి. పేపరు మనిషివని ఆమె లెక్క."

పేపరు మనిషినన్న మాట నిజం. ఉద్యోగమంతా గుంటూరు డెస్కులోనే గడిచింది. సీజను మారినప్పుడల్లా జ్వరాల మీద వచ్చిన వార్తలు దిద్దేవాణ్ణి. 'రోగనిరోధక శక్తి' అన్న మాట ఎన్ని శీర్షికల్లో ఇరికించానో నాకే తెలియదు. అక్షరాలు ఎక్కువ, చోటు తక్కువ, ఎప్పుడూ సర్దుడే. ఆ మాటలో చివరి ముక్క 'శక్తి' కదా, అది బలానికి సంబంధించినదనే చాలాకాలం అనుకున్నాను. కండ ఉన్నవాడికి ఎక్కువ, లేనివాడికి తక్కువ. తరవాత చదివి తెలుసుకున్నది వేరు. అది చాలావరకు జ్ఞాపకం. ఒంట్లోకి వచ్చిన పురుగు ముఖం ఒంటికి గుర్తుండటం, మళ్లీ వస్తే త్వరగా ఆనవాలు పట్టడం. టీకా చేసే పని జబ్బు రాకముందే ఆ ముఖం చూపించి ఉంచడం. వయసు మీదపడ్డ ఒంటికి, మనుషుల పేర్లు మరిచిపోయినట్టే, ఆ గుర్తూ సరిగా నిలవదు. ఫ్లూ పురుగు ఏటా కొంచెం వేషం మారుస్తుంది కాబట్టి ఏటా కొత్తగా చూపించాలి. ఇదంతా అక్కకు ఎలా చెప్పాలో బస్సులో కూర్చుని మాటలు కూర్చుకున్నాను. ఒళ్లో థర్మాకోల్ పెట్టె. అందులో ఐసు ప్యాకెట్ల మధ్య గుడ్డ చుట్టిన రెండు టీకాలు, ఒకటి అక్కకు, ఒకటి నాకు. ఏటా వేయించుకునేవాణ్ణి, ఆమె కళ్లముందే వేయించుకుందామని ఈసారి ఆపుకున్నాను.

అంతకు రెండ్రోజుల ముందు చీరాలలో ఒక పెళ్లికి వెళ్లొచ్చాను. తలుపులు బిగించిన ఏసీ హాలు, భుజాలు రాసుకునేంత జనం. దాన్ని గురించి నాకు ఆ బస్సులో ఏ ఆలోచనా రాలేదు.

కల్లం దాటి ఇంట్లోకి వెళ్లాలి. పట్టాల పక్కనుంచి నడుస్తుండగానే గొంతులో గరగర మొదలైంది. దగ్గు వచ్చింది. ఒకసారి మొదలై ఆగలేదు. తాలు ఏరుతున్న ఆడవాళ్లు ముసుగుల వెనక నవ్వారు. వాళ్లు పైనుంచి, మెట్ట ఊళ్ల నుంచి, కోతల కోసం వచ్చి అక్కడే డేరాలు వేసుకున్నవాళ్లు. వాళ్లలో పెద్దామె, గొంతు గట్టిది, అరిచింది.

"అమ్మా, మీ తమ్ముడు వచ్చాడు! టౌను గొంతు గదా, మన కాయలు పలకరిస్తన్నయ్!"

బావ బస్తా మీద నుంచి లేచాడు. "ఏం పత్రికాయనా, మా ఊరి గాలి పడటంలేదా? ఇక్కడే పుట్టుంటే తెలిసేది."

"పడకపోవడమేంటి బావా. గుంటూరు యార్డు పక్కనే కదా నా కాపురం. కొంచెం అలవాటు తప్పింది."

నేనూ నవ్వాను. ఘాటేనని నేనూ అనుకున్నాను. ఆ మధ్యాహ్నం అక్క పక్కన పీట మీద కూర్చుని గోంగూర పచ్చడితో అన్నం తిన్నాను. ఆమె కంచంలోంచి ఉల్లిపాయ ముక్క తీసుకున్నాను కూడా. మధ్యమధ్య దగ్గుతూనే ఉన్నాను.

టీకా మాట ఎత్తాను. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. అక్క శ్రద్ధగా విని అంది:

"కరోనా సూదికి రెండ్రోజులు ఒళ్లు తెలవకుండా పడిపోయా. మళ్లీ ఎందుకురా? ఒంట్లో లేని జొరాన్ని డబ్బులిచ్చి తెచ్చుకోవడం దేనికి?"

"ఆ జ్వరం జబ్బు కాదక్కా. ఒళ్లు పని మొదలుపెట్టిందన్న గుర్తు."

"నువ్వు చెప్తే బాగానే ఉంటది. పడుకునేది నేను గదా."

అప్పుడు బావ నాకు సాయం చేస్తున్నాననుకుని ఒక ఉపాయం చెప్పాడు. ఈ ప్రాంతపు రైతులు కొత్త పురుగుమందు కొన్నప్పుడు చేనంతా కొట్టరు. ఒక సాలుకు కొట్టి రెండ్రోజులు ఆగి చూస్తారు. ఆకు మాడకపోతే మిగతా చేనుకు కొడతారు. నల్ల తామరపురుగు వచ్చి మిరపంతా నాశనం చేసిన ఏడు నుంచీ ఆ జాగ్రత్త మరీ ఎక్కువైంది.

"ముందు మీ తమ్ముడికి ఏయిద్దాం. ఒక సాలు అనుకో. రెండ్రోజులు చూసి అప్పుడు నువ్వు ఏయించుకో. ఏమంటావ్?"

అక్క ఒప్పుకుంది. నేను మరీ సంతోషంగా ఒప్పుకున్నాను.

పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఆ ఊళ్లోనే ఉంటుంది. బావ ఆమెను పిలుచుకొచ్చాడు. గుట్టుగా ఇంట్లో వేయించుకోవచ్చు. నేను కల్లంలో కుర్చీ వేయించుకున్నాను. ఆడవాళ్లు కూడా చూస్తారు, భయం పోతుంది, నలుగురికీ మేలు అనుకున్నాను. ఆవిడ డాక్టరు రాసిన చీటీ చూసి, నా నుదురు తాకి చూసి, అడగవలసినవి అడిగింది.

"జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు ఏమన్నా ఉన్నాయా అండీ?"

అడుగుతుండగానే దగ్గాను. అందరూ నవ్వారు.

"ఘాటండీ, ఏం లేదు" అన్నాను.

ఆవిడ కూడా నవ్వి సూది వేసింది. రెండో టీకాను తన ఇంట్లో ఫ్రిజ్‌లో పెడతానని తీసుకెళ్లింది. నేను చొక్కా చేయి దించుకుంటూ, చీమ కుట్టినట్టుంది అంతే అని ఆడవాళ్లకు వినపడేలా చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. సాయంత్రానికి జ్వరం. దుప్పటి కప్పుకుని వీధి గదిలో మంచం ఎక్కాను. కళ్లు తెరిస్తే లైటు గుచ్చుకుంటోంది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికెళ్లి ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకొచ్చి నా చుట్టూ తిప్పింది.

దిష్టి తీయడంలో ఒక పరీక్ష ఉంది. తెలుగు ఇళ్లల్లో చాలామందికి తెలిసిందే. తిప్పిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే కోరు, అంటే గొంతు పట్టే ఘాటు పొగ, రాకపోతే దిష్టి తగిలినట్టు. కోరు వచ్చి దగ్గొస్తే దిష్టి లేనట్టు. అక్క కాయలు తీసుకెళ్లి పెరటి పొయ్యిలో వేసింది. కాసేపటికి బావ దగ్గడం వినపడింది. అక్క దగ్గింది. ఆ పొగ నా గదిలోకీ వచ్చిందట, ఎవరో తలుపు మూయమని అరిచారు కూడా. నాకు ఏ వాసనా తెలియలేదు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నిన్నటి నుంచి నేను దగ్గుతున్నది ఏ ఘాటుకీ కాదని అప్పుడు తెలిసింది. చీరాల పెళ్లి అప్పుడు గుర్తొచ్చింది.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"కోరు బాగా వచ్చింది. దిష్టి కాదు. అంటే సూదేగా."

తప్పు పట్టడానికి లేదు. ఆమె తనకు తెలిసిన పరీక్ష చేసింది, ఫలితం దాచకుండా చెప్పింది. నా వైపు మనిషి కాబట్టి దిష్టే అని సర్దేయొచ్చు, సర్దలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన కోరిక చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కోరు రాకుండా ఉంటే బావుండునని అనుకున్నాను. నింద దిష్టి మీద పోయేది కదా! ఇన్నేళ్లూ మూఢనమ్మకాల వార్తలకు చురక శీర్షికలు పెట్టినవాణ్ణి.

"సూది కాదక్కా. ఈ సూదిలో ఉండేది చచ్చిన పురుగు ముక్కలు, దాని వల్ల ఫ్లూ రాదు. ఇది నేను గుంటూరు నుంచి మోసుకొచ్చిందే. నీ దగ్గర కూర్చుని తిన్నాను, అదే నా భయం. నువ్వు ఈ గదిలోకి రాబోకు."

"నా ఇంట్లో నన్ను రావద్దంటున్నాడు చూడయ్యా" అంది అక్క బావతో.

బావ గుమ్మం బయట నవారు కుర్చీలో కూర్చున్నాడు. తీరిగ్గా, ఒక్కో మాటా వేరు చేసి అన్నాడు:

"ఏం బావమరిదీ. దగ్గుకీ ఘాటుకీ తేడా తెలియదా?"

వరండాలో నేను అన్న మాటే. అందులో కోపం లేదు, కాస్త సరదాగానే అన్నాడు. అందువల్లే గోడవైపు తిరిగి పడుకోవలసి వచ్చింది.

గుంటూరు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన నన్నేమీ అనలేదు. అక్కకు ఇప్పటికి ఏ లక్షణమూ లేదు కాబట్టి టీకా వేయించేయొచ్చు అన్నారు. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా నేను దూరంగా ఉండాలి, ఆమెకు జ్వరం గానీ దగ్గు గానీ వస్తే తనకు చెప్పడం ఆలస్యం చేయొద్దు అన్నారు. ఇదంతా గదిలోంచి అరిచి బావకు చెప్పాను.

"రెండు వారాలెందుకు పడుతది?" అన్నాడు.

"ఒళ్లు సిద్ధం కావాలి బావా."

ఆయన తనకు తానే చెప్పుకున్నాడు. "కూలోళ్ల మేస్త్రీకి ముందు చెప్పి పెట్టుకుంటాం చూడూ, అట్టాంటిదన్న మాట. వానొచ్చే రోజున ఫోన్ చేస్తే పట్టాలు కప్పడానికి ఎవడొస్తాడు? కాయ తడవాల్సిందే."

"అదే బావా. నేను వాన రోజున ఫోన్ చేశాను."

"మరి ఆ మాట నిన్ననే చెప్పొద్దూ? చచ్చిన పురుగు, బతికిన పురుగు అంటే మాకేం తెలుస్తది" అన్నాడు. ఆయనకు అర్థమైంది. కానీ అక్క అక్కడ లేదు. ఆయన ఆమెకు చెప్పబోతే, "నువ్వూ పేపరోడివి అయ్యావా" అని తీసిపారేసింది.

వీధి గది కిటికీలోంచి కల్లం కనపడుతుంది. మాటలూ వినపడతాయి. మర్నాడు పొద్దున పట్టాలు తీస్తూ పెద్దామె అక్కను అడిగింది, మీ తమ్ముడికి ఎట్టా ఉందని. అక్క పరవాలేదంది. పెద్దామె అంతటితో ఊరుకోలేదు.

"మందు కొట్టిన సాలే ముందు ముడత పడిందేందమ్మా!"

కల్లమంతా నవ్వు. మిరపకు ముడత వస్తే ఆకు చుట్టుకుపోతుంది, మొక్క చేతికి రాదు. నేను దుప్పట్లో చుట్టుకుని పడుకుని ఉన్నాను, పోలిక సరిగ్గా ఉంది. ఎవరో ఇంకో మాట కలిపారు. "చీమ కుట్టినట్టుందన్నాడు, ఏ చీమో అడగండే!" మళ్లీ నవ్వు. వాళ్లలో ఒకామె, పక్కలో బిడ్డను పెట్టుకుని పనిచేసే మనిషి, మొన్న నర్సమ్మను ఈ సూది మాకూ దొరుకుతుందా అని అడిగింది. ఆ గొంతు కూడా నవ్వుల్లో వినపడింది. వాళ్ల భయం పోగొడదామని కుర్చీ వేయించుకున్నది నేనే.

అక్క నవ్వలేదు. కాసేపటికి నా కిటికీ దగ్గరకొచ్చి, ఊచల అవతల నిలబడి అంది:

"నర్సమ్మకి ఫోన్ చెయ్యి. ఆ రెండోది తెమ్మను."

"నిజంగానా అక్కా? ఏమనుకుని?"

"ఏమనుకునేదేముంది? తెమ్మన్నా గదా."

నర్సమ్మ వచ్చింది. అక్క ఇంట్లోకి రానివ్వలేదు. కల్లంలో, అదే కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చేయి పైకి లాక్కుని, ఆడవాళ్లందరి వైపూ తిరిగి, గట్టిగా అంది:

"మా తమ్ముడు అబద్ధం చెప్పడే. వాడు తెచ్చిన సూది నాకేం చెయ్యదు. చూడండి."

నేను వచ్చిన పని అయిపోయింది. కిటికీలోంచి చూస్తుంటే అది చాలా కష్టంగా తోచింది. ఆమెకు టీకా మీద నమ్మకం కుదరలేదు. పురుగు ముఖం, జ్ఞాపకం, మేస్త్రీ, ఏ ఒక్కటీ ఆమెకు పట్టలేదు. కూలీ ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు, అది ఆపాలి, అంతే. ఆగమని అరవాలనిపించింది. అరవలేదు. ఏ కారణంతో అయినా సరే, వేయించుకుంటే ఆమెకు మేలే కదా అనుకున్నాను. వార్త ఎలా వచ్చిందని కాకుండా వచ్చిందా లేదా అని చూసే అలవాటు నాకుంది.

ఆ మర్నాటికి నాకు జ్వరం దిగింది. ఇంకో రోజు ఆగి ప్రయాణమయ్యాను. ఎంత తొందరగా ఆ ఇంటికి దూరమైతే అంత మంచిదనుకున్నాను, అక్క కోసమూ, నా కోసమూ. పొద్దున్నే ఆటో వచ్చింది. అక్క శాలువా కప్పుకుని పచ్చడి సీసా తెచ్చింది. అరుగు మీద పెట్టి పొమ్మన్నాను. ఆమె వినకుండా నా చేతిలోనే పెట్టింది. వేళ్లు తగిలాయి. కాలిపోతున్నాయి.

"ఏంటక్కా ఇది! జ్వరమా?"

"ఎండలో ఉన్నాగా."

"ఈ పొద్దుటి ఎండకా ఇంత వేడి?"

"అరవబోకు, ఆటోవాడు వింటాడు." గొంతు తగ్గించింది. "రాత్రి నుంచే. మాత్ర ఏసుకున్నాలే. మీ బావకి కూడా చెప్పలా. ఈ ఆడోళ్లకి తెలిస్తే నువ్వు ఈ ఊరు మళ్లీ రాగలవా? నువ్వు పో. నువ్వు పోయాక పడుకుంటా."

ఆ పొద్దున ఆమె పట్టాలు తీయించింది. ఆడవాళ్లకు టీ ఇచ్చింది. ఒంట్లో జ్వరం పెట్టుకుని, అది పైకి తెలియకుండా శాలువా బిగించుకుని, నా పరువు కాపలా కాస్తోంది. ఆ జ్వరం టీకాదయితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నా నుంచి అంటుకున్న ఫ్లూ అయితే, పోయినేడు ఏమైందో అందరికీ తెలుసు. పోయినేడు ఘాటనుకుని ఆలస్యం చేశారు. ఈసారి నేను నవ్వులపాలు కాకూడదని ఆలస్యం జరుగుతోంది.

ఆటోను పంపేశాను. ముక్కుకు తువ్వాలు కట్టుకుని కల్లం అంచున, ఆడవాళ్లకు దూరంగా నిలబడ్డాను. అక్క వెనకనుంచి "ఒరేయ్, ఒరేయ్" అంటూనే ఉంది.

"మా అక్కకి రాత్రి నుంచి జ్వరం" అన్నాను. "సూదికి ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, అది మంచి జ్వరమే. కానీ నాకొచ్చింది సూది జ్వరం కాదు. నేను ఊరి నుంచి తెచ్చుకున్న ఫ్లూ. ఘాటనుకుని అందరిలో తిరిగాను. అది ఈమెకు అంటుకున్నదేమో కూడా. రెండిట్లో ఏదో నాకు తెలియదు. మీలో ఎవరికైనా జ్వరంతో దగ్గు వస్తే, ఘాటని ఊరుకోకండి. నర్సమ్మకి చూపించుకోండి."

ఎవరూ నవ్వలేదు. పెద్దామె చేతిలో కాయలు పట్టా మీద పెట్టింది.

"నీకే తెలవకపోతే మాకెందుకు చెప్తన్నావయ్యా?"

"తెలియదని చెబుదామనే."

"ఇదేం చోద్యమో" అంది. నా వంక చూడటం మానేసి అక్కతో అంది, "జొరంలో టీలు పోశావా మాకు? లేమ్మా, ఇంట్లోకి పో. పట్టాలు మేం చూసుకుంటాం."

అక్క నా వంక చూసింది. చిన్నప్పటి నుంచీ ఆమె నన్ను తిట్టింది, కొట్టింది, అన్నం పెట్టింది. అలా ఎప్పుడూ చూడలేదు. బావ ఆమె భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

డాక్టరుకు చెప్పాను. ఆయాసం లేకపోతే ఒక రోజు చూడమన్నారు, ఏమాత్రం తేడా ఉన్నా బయలుదేరమన్నారు. కారు ఇంటి ముందే పెట్టించాం. మేనకోడలు మంగళగిరి నుంచి గంటకోసారి ఫోన్. నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపలినుంచి అక్క దగ్గు వినపడుతుందేమోనని చెవులు అటే పెట్టాను. కల్లంలో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ప్రతి దగ్గుకూ లేచి నిలబడేవాణ్ణి. బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పోయినేడు ఆస్పత్రి వరండాలో నాకూ ఇట్టానే ఉండింది" అన్నాడు.

మర్నాటి సాయంత్రానికి జ్వరం పోయింది. మళ్లీ రాలేదు. దగ్గు అసలే రాలేదు. అయినా నా మనసు ఒప్పుకోక ఆమెను గుంటూరు తీసుకెళ్లి చూపించాం. డాక్టరు వీపు మీద చాలాచోట్ల స్టెతస్కోపు ఆనించి విన్నారు. ఊపిరి శుభ్రంగా ఉంది, అది టీకా జ్వరమే అయ్యుంటుంది అన్నారు. అయ్యుంటుందన్నారు గానీ అవునని కచ్చితంగా చెప్పలేదు. అక్క ఆయనకు దణ్ణం పెట్టి లేచింది. కల్లంలో నేను నోరు విప్పిన దగ్గర్నుంచి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

వాళ్లను ఊళ్లో దింపడానికి కారులో నేనూ వెళ్లాను. ముందు సీట్లో కూర్చుని, కిటికీ అద్దం దించి, ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాను. వెనక బావ నిద్రపోయాడు. రోడ్డు పక్కన కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. చాలాదూరం పోయాక అక్క అంది:

"కల్లం ఆడోళ్లలో ఇద్దరు నర్సమ్మ ఇంటికి పోయొచ్చారంట."

"ఎందుకు?"

"ఆ సూదికి జొరం ఎన్నాళ్లు ఉంటదని అడిగారంట."

"వేయించుకుంటారా?"

"నాకేం తెలుసు? అడిగారంట, అంతే."

ఇంకాస్త దూరం పోయింది కారు.

"నా జొరం సంగతి పదిమందిలో నువ్వట్టా చెప్పకుండా ఉండాల్సింది" అంది. "నీ కోసం నేను దాస్తే, నువ్వు నన్ను నిలబెట్టి చెప్పావు."

"అవునక్కా" అన్నాను.

ఆమెను నిలబెట్టకుండా ఆ మాట ఎలా చెప్పి ఉండాల్సిందో ఆలోచించాను. ఇంకో మార్గం తోచలేదు. ఊరొచ్చింది. అక్క బావను లేపి, నా వైపు చూడకుండా కారు దిగింది. రెండడుగులు వేసి ఆగి, భోంచేసి వెళ్లమంది. ఆమె టీకాకు రెండు వారాలు నిండేదాకా ఆ ఇంట్లో తినకూడదని చెప్పి, కారు వెనక్కి తిప్పించాను.